లెక్కలో లేనివాళ్లకు లెక్క రాసిన డాక్టరు

బుద్ధి ఎదగని బిడ్డ ఉన్న ఇల్లు ఊరందరికీ తెలుసు. ఫలానా వాళ్ల రెండో అబ్బాయి అనగానే గుర్తుపడతారు. కానీ ఆ బిడ్డ పేరు బడి హాజరుపట్టీలో ఉండదు, పింఛను జాబితాలో ఉండదు. తల్లిదండ్రులు పరువుకు జంకి బయటపెట్టరు. అధికారులు అడగరు. లెక్కలో లేని మనిషికి బడ్జెట్లో పైసా దక్కదు. ప్రభుత్వాల తీరు ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా ఇంతే.

ఈ కిటుకును దాదాపు 180 ఏళ్ల కిందటే పట్టుకున్న మనిషి డాక్టర్ శామ్యూల్ గ్రిడ్లీ హౌ. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఆయనది. ముందు లెక్క తీశారు. ఆ లెక్కను చట్టసభ ముందు పెట్టారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం సర్కారు సొమ్ముతో అమెరికాలో తొలి బడిని తెరిపించారు. అదే బడి ఆయన పోయాక ఆయన వద్దన్న దారే పట్టింది. అందుకే ఈయన కథలో గెలుపూ ఉంది, గుణపాఠమూ ఉంది.

తాళ్ల వ్యాపారి కొడుకు

హౌ 1801 నవంబరు 10న బోస్టన్‌లో పుట్టారు. తండ్రిది ఓడలకు తాళ్లు పేనించి అమ్మే వ్యాపారం. కొడుకు 1821లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, 1824లో హార్వర్డ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. బోస్టన్‌లోనే బోర్డు కట్టుకుని కూర్చుంటే బతుకు సాఫీగా సాగిపోయేది. కానీ కుర్రాడి రక్తం కుదురుగా ఉండనివ్వలేదు. అప్పుడు గ్రీసు ప్రజలు తురుష్క సామ్రాజ్యం మీద తిరగబడి పోరాడుతున్నారు. హౌ ఓడెక్కి అక్కడికి వెళ్లి సైన్యంలో వైద్యుడిగా చేరిపోయారు.

యుద్ధంలో ఆయన చూసిందంతా ఆకలే. 1827లో అమెరికా తిరిగొచ్చి ఊరూరా సభలు పెట్టి, చందాలు పోగుచేసి, తిండిగింజలూ బట్టలూ ఓడల్లో గ్రీసుకు తరలించారు. అయితే ఊరికే పంచిపెట్టలేదు. ఈజినా అనే దీవిలో తలదాచుకున్న శరణార్థుల చేత రేవుగట్టు కట్టించి, కూలీగా ధాన్యం ఇచ్చారు. మన పల్లెల్లో పనికి ఆహారం పథకం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. దయ వేరు, నిలబెట్టడం వేరు అన్నది ఆయనకు అక్కడే వంటబట్టింది. బతికినంతకాలం ఆ పట్టు వదల్లేదు.

చూపులేని పిల్లలతో మొదలు

1829లో బోస్టన్ పెద్దలు చూపులేని పిల్లలకు బడి పెట్టాలని చట్టబద్ధంగా ఒక సంస్థను ఏర్పాటు చేశారు. నడిపేవాడు దొరకలేదు. 1831లో ఆ బాధ్యత హౌ చేతికొచ్చింది. ఐరోపాలో ఇలాంటి బడులు ఎలా నడుస్తున్నాయో చూసి రావడానికి వెళ్లారు. చూసిరమ్మంటే ఆయన ఊరుకునే రకమా! పోలండ్ తిరుగుబాటులో ఓడి సరిహద్దు దాటి ప్రష్యాలోకి వచ్చిన శరణార్థులకు సాయం డబ్బు చేరవేశారు. ప్రష్యా పోలీసులు పట్టుకుని బెర్లిన్ జైల్లో నెలకు పైగా ఉంచారు.

బయటపడి వచ్చి 1832లో బోస్టన్‌లోని తండ్రి ఇంట్లోనే కొద్దిమంది పిల్లలతో బడి మొదలుపెట్టారు. ఆరు నెలలు తిరక్కుండా చేతిలో డబ్బు ఖాళీ. అప్పుడు ఆయన వేసిన ఎత్తుగడ ఆ తర్వాత జీవితమంతా పనికొచ్చింది. ఉత్త అర్జీ రాసి పంపలేదు. 1833లో ఆ పిల్లల్నే చట్టసభ సభ్యుల ముందు నిలబెట్టి, వాళ్లు చదవడం, లెక్కలు చేయడం చూపించారు. చూసినవాళ్లు కాదనలేకపోయారు. రాష్ట్రానికి చెందిన 20 మంది పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలన్న షరతుతో ఏటా గ్రాంటు మంజూరైంది. థామస్ పెర్కిన్స్ అనే వ్యాపారి తన ఇల్లు ఇచ్చారు. ఈనాటికీ పెర్కిన్స్ పేరుతో నడుస్తున్న అంధుల పాఠశాల అదే.

1837లో ఆ బడికి లారా బ్రిడ్జ్‌మన్ అనే ఏడేళ్ల పిల్ల వచ్చింది. రెండేళ్ల వయసులో వచ్చిన జ్వరంతో చూపూ వినికిడీ రెండూ పోయాయి. హౌ ఆ పిల్లకు వేలికొసలతో అక్షరాలు నేర్పారు. హెలెన్ కెల్లర్ కథ మనలో చాలామందికి తెలుసు. ఆమె కంటే దాదాపు 50 ఏళ్ల ముందే ఈ దారి వేసింది లారా. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1842లో వచ్చి చూసి తన పుస్తకంలో రాయడంతో హౌ పేరు సముద్రాలు దాటింది.

పేరొచ్చిన మనిషి అక్కడితో ఆగిపోవచ్చు. కానీ ఆ బడికి వచ్చే చూపులేని పిల్లల్లో బుద్ధిమాంద్యం కూడా ఉన్నవాళ్లు ఒకరిద్దరు కనిపించారు. అలాంటివాళ్లకు ఏమీ రాదని అప్పటి వైద్యుల నమ్మకం. ఓపిగ్గా నేర్పితే వాళ్లూ కొంత నేర్చుకుంటున్నారని హౌ కళ్లారా చూశారు. చూపులేనప్పుడే ఇంత వస్తే, చూపున్న బుద్ధిమాంద్యుల సంగతేమిటి? ఈ ప్రశ్నే ఆయన్ను నిద్రపోనివ్వలేదు.

ఊరూరా తిరిగి తీసిన లెక్క

అప్పటికి ఆ రాష్ట్రంలో బధిరులకూ, చూపులేనివాళ్లకూ ఏదో ఒక ఆసరా ఉంది. మతి చలించినవాళ్లకు ఆస్పత్రి ఉంది. అందులో కూడా హౌ చేయి ఉంది. డొరొతియా డిక్స్ అనే ఉపాధ్యాయురాలు జైళ్లూ, దిక్కులేనివాళ్ల సత్రాలూ తిరిగి, అక్కడ గొలుసులతో కట్టి పడేసిన మనుషుల గురించి 1843లో చట్టసభకు మహజరు ఇచ్చింది. అప్పుడు హౌ శాసనసభ్యుడు. ఆ మహజరును పరిశీలించిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. సభలో పోరాడి వూస్టర్ ఆస్పత్రి విస్తరణకు ఒప్పించారు. ఊహలు కాదు, ఊరి పేరుతో సహా కంటితో చూసిన సంగతులు రాస్తే సభ కదులుతుందని అక్కడ రుజువైంది.

మిగిలిపోయింది బుద్ధిమాంద్యులే. చట్టంలోనూ వైద్యంలోనూ వాళ్లకు అప్పుడున్న పేరు ఇడియట్. ఆనాడు అది తిట్టు కాదు, దస్తావేజుల్లో రాసే మాట. వాళ్లకు చదువేమిటని జనం నవ్వే రోజులవి.

1846లో హొరేషియో బయింగ్టన్ అనే న్యాయమూర్తి సభలో చొరవ తీసుకున్నారు. రాష్ట్రంలో బుద్ధిమాంద్యులు ఎందరున్నారు, ఎలా బతుకుతున్నారు, వాళ్లకు ఏమైనా చేయవచ్చా అని తేల్చడానికి ముగ్గురితో కమిషన్ వేశారు. బయింగ్టన్, డాక్టర్ గిల్మన్ కింబాల్, హౌ. పని భారమంతా హౌ మీదే పడింది.

కమిషన్లంటే మనకు తెలిసిందే కదా. నాలుగు గోడల మధ్య కూర్చుని పాత కాగితాలు తిరగేసి నివేదిక ఇచ్చేస్తే సరిపోయేది. హౌ అలా చేయలేదు. ముందు ఊళ్లకు ప్రశ్నపత్రాలు పంపారు. వచ్చిన జవాబులు నమ్మదగినవి కావని తేలాక, తానే బయల్దేరారు. సుమారు 100 ఊళ్లలో వాకబు చేసి, 570 మందికి పైగా బుద్ధిమాంద్యుల్ని పరీక్షించి ఒక్కొక్కరి వివరం రాసుకున్నారు. వయసెంత, సొంతంగా తింటారా, మాట వస్తుందా, చూసుకునేవాళ్లెవరు, ఏ పనైనా చేయగలరా అని పట్టికలు వేశారు.

కనిపించినవి చాలావరకు గుండె తరుక్కుపోయే దృశ్యాలే. సత్రాల్లో మురికిలో పడి ఉన్నవాళ్లు కొందరు. ఇళ్లలో తల్లులు సాకలేక సొమ్మసిల్లిపోతుంటే మూలన కూర్చున్నవాళ్లు కొందరు. అయితే అదే పట్టికల్లో ఇంకో సంగతీ బయటపడింది. ఓర్పున్న మనిషి చేతిలో పడినవాళ్లు కట్టెలు మోస్తున్నారు, పశువుల్ని చూసుకుంటున్నారు, ఇంటి పనుల్లో సాయపడుతున్నారు. పక్కపక్క ఊళ్లలోనే ఇంత తేడా. లోపం ఒకటే, బతుకులు వేరు. ఆ తేడా పుట్టుకలో లేదు, చూసుకునే తీరులో ఉంది.

ఐరోపా వార్తలు కూడా అక్కరకొచ్చాయి. పారిస్‌లో ఎడ్వర్డ్ సెగాన్ అనే యువకుడు ఇలాంటి పిల్లలకు ముందు నడక, పట్టు, చూపు, వినికిడి ఇలా ఒక్కో ఇంద్రియానికీ తర్ఫీదు ఇచ్చి, ఆ తర్వాత మాటకూ అక్షరానికీ తీసుకెళ్తున్నాడు. అక్కడి బడిని చూసిన జార్జ్ సమ్నర్ అనే మిత్రుడు రాసి పంపిన ఉత్తరాన్ని హౌ తన వాదనకు బలంగా వాడుకున్నారు.

1848లో పూర్తి నివేదిక సభ ముందుకొచ్చింది. అందులో హౌ జాలి అడుక్కోలేదు. చదువు చెప్పడం రాష్ట్రం పని అని ఒప్పుకున్నాక, అందులోంచి కొందరు పిల్లల్ని మినహాయించే హక్కు రాష్ట్రానికి లేదన్నది ఆయన వాదన. ఖర్చు లెక్క కూడా చూపారు. ఏ పనీ నేర్పకుండా సత్రంలో పడేస్తే జీవితాంతం పోషించాలి. నేర్పితే కొందరైనా తమ పని తాము చేసుకుంటారు.

పది మంది, మూడేళ్లు

సభ మొత్తానికి దిగొచ్చింది. పూర్తిగా కాదు. ప్రయోగంగా ఏటా 2,500 డాలర్ల చొప్పున మూడేళ్లకు ఇచ్చి, పది మంది పిల్లల్ని తీసుకుని చేసి చూపించమంది. ఇంత తక్కువేమిటని హౌ అలగలేదు. 1848 అక్టోబరులో సౌత్ బోస్టన్‌లోని అంధుల పాఠశాల భవనంలోనే ఒక పక్క గదులు సర్ది బడి తెరిచారు. జేమ్స్ రిచర్డ్స్ అనే ఉపాధ్యాయుణ్ణి పెట్టుకున్నారు.

ఆ పిల్లల్లో కొందరు తమంతట తాము తినలేరు, కొందరికి నడక లేదు, కొందరికి మాట లేదు. చెంచా పట్టించడం, గుండీ పెట్టించడం, శరీర శుభ్రత, వరసలో నిలబడటం, ఇవే పాఠాలు. పలకాబలపం ఆ తర్వాతి మాట. మూడేళ్లకు చూస్తే అందరూ పండితులు కాలేదు. కానీ వచ్చినప్పటికీ అప్పటికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. హౌ ఏటా ఇచ్చిన నివేదికల్లో ఎవరికి ఏమి వచ్చిందో, ఏమి రాలేదో రెండూ రాశారు. అద్భుతాలు జరిగాయని ఊదరగొట్టలేదు. అందుకే సభ నమ్మింది. 1850లో సంస్థకు చట్టబద్ధత వచ్చింది, 1851 నుంచి ప్రయోగం అన్న మాట పోయి శాశ్వత గ్రాంటు స్థిరపడింది. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రమూ ఇలాంటి బడి తెరిచింది. తర్వాత పెన్సిల్వేనియా, ఒహాయో ఆ దారిలో నడిచాయి.

గవర్నరుతో పేచీ

మంజూరైతే పని అయిపోయినట్టు కాదని సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు బాగా తెలుసు. 1857లో ఈ బడిలో రాష్ట్రం ఖర్చుతో చదివే పిల్లల సంఖ్య పెంచాలని చట్టసభ బిల్లు ఆమోదించింది. గవర్నరు హెన్రీ గార్డ్‌నర్ దాన్ని వీటో చేశారు. హౌ ఊరుకోలేదు. గవర్నరు నిర్ణయాన్ని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాసి అచ్చు వేయించి పంచారు. గ్రాంటు ఇచ్చే చేతినే ఎదిరిస్తే ఉన్నదీ పోతుందేమో అన్న భయం మామూలుగా సంస్థలు నడిపేవాళ్లకు ఉంటుంది. ఆయన దాన్ని పక్కన పెట్టారు.

ఇదంతా చేస్తూనే బానిసత్వం మీద పోరులో దూకారు. 1859లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసిన జాన్ బ్రౌన్‌కు రహస్యంగా డబ్బు సాయం చేసిన ఆరుగురిలో ఆయన ఒకరు. దాడి విఫలమయ్యాక కొన్నాళ్లు కెనడాలో తలదాచుకోవాల్సి వచ్చింది. అంతర్యుద్ధం రోజుల్లో బానిసత్వం నుంచి విముక్తులైనవారి స్థితిగతులపై ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్‌లో సభ్యుడిగా పనిచేశారు.

తప్పులూ ఉన్నాయి

హౌను దేవుణ్ణి చేయనక్కర్లేదు. పుర్రె ఆకారాన్ని బట్టి మనిషి గుణం చెప్పవచ్చన్న ఆనాటి శాస్త్రాన్ని ఆయన గట్టిగా నమ్మారు. ఆ శాస్త్రం తర్వాత ఒట్టిదని తేలిపోయింది. 1848 నివేదికలో బుద్ధిమాంద్యానికి కారణం వెతుకుతూ, తల్లిదండ్రుల తాగుడూ ప్రకృతి నియమాలు తప్పిన నడవడీ అని చాలావరకు నింద వాళ్ల మీదే వేశారు. అసలే కుంగిపోయిన తల్లికి ఆ మాట ఎంత బరువో చెప్పనక్కర్లేదు. పూర్వజన్మ పాపమనే మాట విన్న మన తల్లులకు ఇది తెలియనిది కాదు. ఇంట్లో కూడా ఆయన గొప్ప ఉదారుడేమీ కాదు. 1843లో పెళ్లాడిన జూలియా వార్డ్ మంచి కవయిత్రి. ఆమె సభల్లోకి రావడం, రచనలు అచ్చు వేయించడం ఆయనకు నచ్చేది కాదు. ఆమె రాసిన యుద్ధగీతం 1862లో అచ్చయ్యాక ఆమె పేరే ఎక్కువ మోగింది.

ఆయన చెప్పినా వినలేదు

చివరి దశలో హౌ తన పనినే తిరిగి తూకం వేసుకున్నారు. 1863లో ఏర్పడిన రాష్ట్ర ధర్మసంస్థల బోర్డుకు 1865 నుంచి 1874 దాకా అధ్యక్షుడు ఆయనే. ఎన్నో సంస్థలు లోపలి నుంచి చూశాక ఒక నిర్ణయానికొచ్చారు. ఒకే లోపం ఉన్నవాళ్లందరినీ ఊరికి దూరంగా ఒక పెద్ద భవనంలో పోగేయడం మంచిది కాదు. వీలైనంత వరకు కుటుంబాల మధ్యే, మామూలు జనం మధ్యే ఉంచాలి. సంస్థ తప్పదనుకుంటే చిన్నదిగా ఉండాలి, నేర్పి ఇంటికి పంపాలి. 1866లో న్యూయార్క్ రాష్ట్రంలోని బటావియాలో అంధుల సంస్థకు శంకుస్థాపన చేసే సభలోనే ఈ మాట చెప్పారు. కొత్త భవనం కట్టుకుంటున్నవాళ్ల ముందు అలా మాట్లాడటానికి ధైర్యం కావాలి.

1876 జనవరి 9న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత జరిగింది ఆయన భయపడిందే. బడి సౌత్ బోస్టన్ నుంచి వాల్తమ్‌లోని విశాలమైన స్థలానికి మారింది. నేర్పి పంపే బడి కాస్తా తెచ్చి వదిలేసే చోటైపోయింది. 1925లో ఫెర్నాల్డ్ పేరు పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అక్కడున్నవాళ్ల సంఖ్య వేలల్లోకి చేరింది. 1940, 50 దశకాల్లో అక్కడి పిల్లలకు తెలియకుండా రేడియోధార్మిక పదార్థం కలిపిన జావ తినిపించి పరిశోధనలు చేశారన్న సంగతి తర్వాత బయటపడి దేశమంతా నివ్వెరపోయింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కాక పరిస్థితులు కొంత మారాయి. చివరికి 2014లో సంస్థ మూతపడింది. పది మంది పిల్లల బడి వేల మంది చెరసాలగా మారి ముగిసింది.

మన దగ్గర సంగతి

మన దేశంలో 1912 నాటి చట్టం బుద్ధిమాంద్యుల్నీ మతి చలించినవాళ్లనీ ఒకే గాటన కట్టేసింది. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ఆ ముడి విప్పింది. 1995 చట్టం బుద్ధిమాంద్యాన్ని వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. తెలుగు నేల మీద సికింద్రాబాద్‌లో 1984లోనే కేంద్రం జాతీయ సంస్థను నెలకొల్పింది. 2016 చట్టం మేధో వైకల్యం ఉన్న పిల్లలకు చదువును హక్కుగా చెప్పింది. 2011 జనగణన ప్రకారం దేశంలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు 15 లక్షల పైచిలుకు. అడిగినవాళ్లకు ఇంట్లోవాళ్లు చెప్పిన లెక్క అది.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లోనూ, యానాంలోనూ ఉన్న మనవాళ్లకు ఇంకో చిక్కుంది. బంధుత్వాలు ఒక రాష్ట్రంలో, రేషన్ కార్డు ఇంకో రాష్ట్రంలో. ఫారం ఒక భాషలో, తల్లికి వచ్చింది ఇంకో భాష. అందుకని వదిలేస్తే బిడ్డే నష్టపోతాడు. వైకల్య ధ్రువపత్రం ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుందని 2016 చట్టం స్పష్టంగా చెబుతోంది. పింఛను నిబంధనలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారతాయి. పద్దెనిమిదేళ్లు దాటిన బిడ్డకు చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించడానికి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. అమ్మానాన్నలు ఉన్నప్పుడే ఆ పని చూసుకోవడం మంచిది.

హౌ తిరిగిన ఊళ్లలోనూ మొదట అధికారులు తమ ఊళ్లో అలాంటివాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారని తేల్చేశారు. తలుపు తట్టి అడిగాకే అసలు సంఖ్య తేలింది. మన వీధిలో అలాంటి బిడ్డ ఉంటే, ఆ ఇంటివాళ్లను ధ్రువపత్రం తీసుకున్నారా అని ఒక్కసారి అడగండి. తీసుకోకపోతే తోడుగా జిల్లా ఆస్పత్రి దాకా వెళ్లండి.